గోడ మీద గ్లాసు సప్పుడు

మొన్న కర్నూలులో డాక్టరు నా కాలు అటూ ఇటూ నొక్కి చూసి, స్కానింగు చేయించి, పిక్క లోపల రగతం గడ్డ కట్టిందన్నాడు. పొద్దస్తమానం కుట్టుమిషన్ ముందర కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఇట్లాంటిది వస్తుందంట. సరే, వచ్చింది, ఏం చేసేది? చీటీ తీసుకొని మందులంగడికి పోయినా. అంగడాయప్ప అట్ట తీసి గాజుబల్ల మీద పెట్టినాడు చూడండి, నా చేతిలో సంచి జారి కింద పడింది.

అదే మాత్ర. పప్పుబద్దంత ఉంటుంది, అంతే.

"ఈ మాత్ర ఎట్ల వాడల్లో తెలుసామ్మా?" అన్నాడాయప్ప.

"తెలుసప్పా. మా గోడ అవతల ఒకామె ఏండ్లకేండ్లు మింగింది" అన్నా. బస్సెక్కి డోన్ వచ్చేవరకూ ఆ అట్టను సంచిలో అడుగున పెట్టి, దాని మీద నా చెయ్యి పెట్టుకొని కూర్చున్నా. ఏంటికి భయపడినానో చెప్తా, వినండి. నాకు కోపం ఎక్కువని మా వీధంతా అనుకుంటారు, అనుకోనీ. భయం కూడా ఎక్కువేనని ఎవరికీ తెలియదు.

మాది డోన్‌కు కొంచెం ఎడంగా ఉండే ఊరు. ఇండ్లన్నీ నాపబండలే, గోడా బండే, పైకప్పూ బండే. మా ఇల్లూ పెద్దమ్మ ఇల్లూ ఒకప్పుడు ఒకే ఇల్లు. వెనకటికెవరో అన్నదమ్ములు పంచుకొని నడిమధ్యన బండలు నిలబెట్టినారు. బండ ఎంత మందమో గోడా అంతే మందం. ఇటు తుమ్మితే అటు చిరంజీవ అంటారు. పెద్దమ్మ నాకు చుట్టమేం కాదు, వీధిలో అందరికీ పెద్దమ్మే. పిల్లాజెల్లా లేరు. ఆమె, ఆయన, నాలుగెకరాల మెట్టచేను. ఆమె లేనప్పుడు మాత్రం అందరూ గడియారమ్మ అనేవాళ్ళు.

నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను నిలిచింది, నా మిషనూ నిలిచింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. అప్పుడు వినపడింది గోడలోంచి. టిక్కు, టిక్కు, టిక్కు. మా ఇంట్లో గడియారం లేదు. వాళ్ళింట్లో ఉందేమో చూద్దామని పోయినా. తలుపు తీసే ఉంది. పెద్దమ్మ బండల మీద వెల్లకిలా పడుకొని, మొగం మీద కొంగు కప్పుకొని ఉంది. గోడల మీద గడియారం లేదు. సప్పుడు మాత్రం దగ్గరపడుతాంది. ఒక్కో అడుగూ వేసుకుంటా పోయి ఆమె పక్కన నిలబడితే, సప్పుడు ఆమెలోంచే వస్తాంది.

కొంగు తీయకుండానే అనింది, "భయపడొద్దు మే. నేనే."

నేను ఒక్క పరుగున మా ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నా. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆనాడు నా మొగం చూసుంటే తెలిసేది.

సాయంత్రం తనే వచ్చి చెప్పింది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం చెడిపోయిందంట. దాన్ని తీసేసి లోహంది పెట్టినారంట. అది మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. "అది నా ఒంట్లో పుట్టింది కాదు కదా. రగతానికి దాన్ని చూస్తే పడదు. దాని మీదికి పోయి గడ్డ కట్టాలని చూస్తాది. కట్టనీకుండా ఈ మాత్ర" అని కొంగు ముడి విప్పి చూపించింది. "ఎక్కువైతే రగతం నీళ్ళయితాది, తక్కువైతే గడ్డయితాది. నా రగతం నా మాట వినదు మే, నేనే దాని మాట వినల్ల."

ఆ సప్పుడుతో ఆమెకు ఒక తంటా ఉండేది. కోపమొస్తే దాచుకోలేదు. మొగం నవ్వుతానే ఉంటుంది, లోపల టిక్కుటిక్కు బిరబిరా పరిగెత్తుతుంది. చీటీపాటకాడ ఎవరన్నా తప్పుగా మాట్లాడితే ఆడోళ్ళందరూ నోరు మూసుకుని ఆమె ఛాతీ వైపు చూసేవాళ్ళు. "చూడండి, నేనేమీ అనలేదు" అనేది. అనకపోతే ఏం, అందరికీ వినపడేది.

సందకాడ దీపం పెట్టినాక మాత్ర. ఆ వేళ ఏనాడూ తప్పలేదు. మింగి, నీళ్ళు తాగి, ఆ ఇత్తడి గ్లాసుతో గోడ మీద ఒక్కటి కొట్టేది. వేసుకున్నానని నాకు చెప్పడం. నేను ఇటు నుంచి ఏది చేతికందితే దాంతో ఒకటి కొట్టాల. అది మా ఇద్దరి ఒప్పందం, పెట్టింది ఆమే. "మనిషన్నాక మరుస్తాడు మే. మింగినానా లేదా అని అనుమానమొచ్చి ఇంకోటి మింగితే నా కొంప మునుగుతాది. గోడ మీద కొట్టినానంటే మింగినట్టే. నువ్వు సాక్షి." ఒక దినం మరిచిపోతే మరుసటి దినం రెండు మింగకూడదంట, డాక్టరు గట్టిగా చెప్పినాడంట. ఆమె కొట్టకపోతే నేను పోయి అడగల్ల. నేను జవాబు కొట్టకపోతే ఆమె వచ్చేస్తుంది. వాకిలికాడ నిలబడి, "ఏమ్మే, చెవుడొచ్చిందా?" అంటుంది. ఆమె కంటే ముందు ఆమె సప్పుడు వచ్చేది.

ఎన్ని జాగ్రత్తలో! ఇంట్లోనే చెప్పులేసుకొని తిరిగేది. కత్తిపీట ముట్టేది కాదు, కూరగాయలు ఆయనే తరిగేవాడు. మోకాళ్ళ నొప్పికి మాత్ర ఇస్తామని ఎవరన్నా వస్తే పాము కనపడినట్టు వెనక్కి జరిగేది. "నొప్పి మాత్రలూ వద్దు, నాటుమందూ వద్దు, డాక్టరుకు చెప్పకుండా దగ్గుమందు కూడా వద్దు." పన్ను పీకించుకోడానికి డోన్ పోయినప్పుడు ఆ పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే తెరవలేదంట. "ముందు నువ్వు నోరు మూసుకో సారూ, ఫ్యాను ఆపు, నా సప్పుడు విను. విన్నాక నా గుండె డాక్టరుతో మాట్లాడు. మల్ల నోరు తెరుస్తా" అనిందంట. నెలనెలా కర్నూలు పోయి రగతం పరీక్ష. ఎండ కానీ వాన కానీ.

ఒకసారి పొద్దున్నే నీళ్ళకాడ ఆమె రవిక చెయ్యి పైకి జరిగింది. జబ్బ మీద నీలంగా వేలిముద్రలు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు, వేళ్ళన్నీ వరసగా. ఆడోళ్ళంతా బిందెలు దించేసినారు. చచ్చిపోయిన అత్త వచ్చి పట్టుకుందని ఒకామె, గాలి సోకిందని ఇంకొకామె. దర్గా కాడ తాయత్తు కట్టిస్తామని చెయ్యి పట్టుకొని లాగబోతే, "పట్టుకోవాకండి! మల్ల అక్కడ కూడా నీలం తేలుతాది" అని అరిచింది. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మా ఇంటాయన. నిద్దట్లో నా సప్పుడు వినపడకపోతే ఉలిక్కిపడి చెయ్యి పట్టుకుంటాడు. నా రగతానికి ఆ మాత్రం చాలు."

అందరూ నవ్వినారు. తాయత్తు మాత్రం కట్టించుకుంది. దాంతోపాటు ఆ వారమే కర్నూలు పోయి పరీక్ష కూడా చేయించుకుంది. ఊరికే కొత్త మచ్చలు తేలితే చూపించుకోవల్ల అని చెప్పినారంట.

ఆమె ఇంటాయన, మా పెద్దనాయనకు, ఆ సప్పుడు లేకుంటే నిద్ర రాదు. నాకేమో ఆ సప్పుడుంటే నిద్ర రాదు. గోడకు తల ఆనించి పడుకుంటే బండలోంచి నేరుగా చెవిలోకి వస్తుంది. ఎన్ని తూర్లు మంచం జరుపుకున్నానో. పైకి ఎప్పుడూ అనలేదు, ఎట్లంటాం?

ఇంక వాన సంగతి. మా తావ వాన లేదనడం పెద్ద విశేషమేం కాదు గానీ, అప్పుడు మాత్రం వరసగా ఎండిపోయింది. చేన్లలో పచ్చనిదంటూ లేదు. ఆకుకూర మొగం చూసి ఎన్నాళ్ళయిందో. పప్పు, చింతపండు చారు, ఊరిమిండి పచ్చడి, సంగటి. పెద్దమ్మ తిండీ అంతే. డాక్టరు ఆ తిండికి తగినట్టే ఆమె మాత్ర కొలత కుదిర్చినాడు.

అట్లాంటిది ఆ ఏడు ముంగార్లలోనే కురిసింది చూడండి, వాగులు తెగేట్టు కురిసింది. వారం తిరక్కుండా గట్ల మీద ఎక్కడ చూసినా ఆకే. గురుగాకు, చెంచలాకు, దుగ్గలాకు. మా ఊర్లో అట్లాంటప్పుడు ఆకు కొనేది లేదు, అమ్మేది లేదు. పొద్దున్నే ఆడోళ్ళందరూ ఒళ్ళో నింపుకొని రావడం, కుండ నిండా వండి, పప్పుగుత్తితో ఎనిపి, ఇల్లిల్లూ పంచడం. నీ ఇంటి ఆకు నేను తినల్ల, నా ఇంటి ఆకు నువ్వు తినల్ల. వద్దంటే వానను వద్దన్నట్టే. పెద్దమ్మకు అందరూ తెచ్చిచ్చేవాళ్ళు, గుండె జబ్బు మనిషి, బలం రావల్లని. ఆమె రెండు పూటలా తినింది. ఇన్నాళ్ళూ దొరకని ఆకు. ఎవరు మాత్రం తినరు?

ఆకు మందు కాదు కదా అనుకున్నాం. నొప్పి మాత్రకు భయపడిన మనిషి గురుగాకుకు భయపడుతుందా?

కొన్నాళ్ళకు నాకు మంచి నిద్ర పట్టడం మొదలైంది. ఎందుకో తెలియలేదు. హాయిగా పడుకొని లేస్తాండా. ఒకనాడు పెద్దనాయన అరుగు మీద కూర్చొని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్తాండాడు, మొగమంతా వెలుగు. "మా దాని గుండె కుదురుకుంది. సప్పుడు తగ్గిపోయినాది. శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంటి కదా, వానా ఇచ్చినాడు, గుండే బాగుచేసినాడు. అడిగింది ఒకటి, ఇచ్చింది రెండు!"

వీధంతా సంతోషపడింది. నేనూ పడినా. అబ్బ, సప్పుడు లేదు, నిద్రొస్తాంది, అందుకేనా అని. శ్రీశైలం పోవడానికి జీపు మాట్లాడినారు, కొబ్బరికాయలు తెచ్చినారు.

బయలుదేరే రోజు పొద్దున పెద్దమ్మ మా ఇంట్లోకొచ్చింది. ఆమె వచ్చింది నాకు తెలియనే లేదు. మిషన్ మీద తల వంచుకొని కుడుతాండా, తలెత్తితే ఎదురుగా నిలబడి ఉంది. ఇన్నేండ్లలో ఆమె సప్పుడు లేకుండా రావడం అదే మొదలు. మొగం పాలిపోయింది, మెట్టెక్కినదానికే ఆయాసం.

"మే, నాకు నా సప్పుడు వినపడలేదు" అనింది.

"తగ్గిపోయిందంట కదా పెద్దమ్మా, మంచిదే కదా?"

"అదేమన్నా గాయమా తగ్గేదానికి? ఇనుము తగ్గుతాదా?" అని నా తల పట్టుకొని ఛాతీకి ఆనించుకుంది. "విను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మా ఆయన సంతోషంలో ఉండాడు, ఆయన చెవులు నమ్మేది లేదు."

విన్నా. నా చెవి మొత్తం పెట్టి విన్నా. టిక్కు లేదు. లోపలెక్కడో తడిగుడ్డ కింద ఏదో కదిలినట్టు మెత్తగా, మందంగా. లోపల ఎవరో నోరు నొక్కిపట్టినట్టనిపించింది.

"మూసుకుపోయినట్టుండాది పెద్దమ్మా" అన్నా.

"నాకూ అట్లనే అనిపిస్తాంది. జీపును కర్నూలుకు తిప్పమని చెప్పు."

పెద్దనాయన ఒప్పుకోలేదు. మొక్కు మధ్యలో ఆపితే మల్లన్న ఊరుకోడన్నాడు. కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకొని జీపు ముందర సీట్లో కూర్చున్నాడు, దిగడు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, ఆయాసపడుతానే ఒక్కటే మాట అనింది. "మల్లన్న ఆడనే ఉంటాడు. నేను ఉండల్ల కదా కొబ్బరికాయ కొట్టేదానికి." అప్పుడు నేనొక కేక వేసినా. ఏమన్నానో నాకే తెలియదు, వీధిలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. జీపు కర్నూలు దోవ పట్టింది. నేను ఆమె పక్కనే కూర్చున్నా, దోవ పొడుగునా నా చెవి ఆమె భుజానికి ఆనించుకొని.

అక్కడ ఆమెను ఎప్పుడూ చూసే డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి మొగం మార్చుకున్నాడు. "మాత్ర మానేసినావామ్మా?"

"ఒక్కపూట మానలేదు సారూ. ఇదో, సాక్షిని కూడా తెచ్చుకున్నా."

"మరి ఏం మారింది ఇంట్లో? కొత్త మందులేమన్నా వేసుకుంటాండావా?"

"ఏమీ మారలేదు సారూ. వానొచ్చింది, అంతే" అనింది.

"ఆకుకూరలు తింటాండారా?" అన్నాడు. మేము ముగ్గురం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. అప్పుడు చెప్పినాడు. ఆకులో ఉండే గుణం ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుందంట. తినొద్దని కాదు, ఎప్పుడూ తినేంతే తినల్ల, ఉన్నట్టుండి పెంచినా తగ్గించినా రగతం అటో ఇటో అయిపోతుంది. తిండి మారితే పరీక్షకు తొందరగా రమ్మన్నాడు. కవాటం మీద గడ్డ మొదలైందని, ఇంకో దినం ఆలస్యమైతే చెప్పలేమని పెద్దనాయనను పక్కకు పిలిచి చెప్పినాడు. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి ఉంటే ఏమయ్యేదో, ఆయనకు అప్పుడు తెలిసింది. కొబ్బరికాయల సంచి ఇంకా చేతిలోనే ఉంది పాపం.

నరానికి మందెక్కించినారు. ఆమె మంచం పక్కన మేమిద్దరం కూర్చొని వింటా ఉన్నాం. అంతమంది రోగులు, అన్ని దగ్గులు, అన్ని ఏడుపులు, వాటి మధ్యలో మేము ఒక్క సప్పుడు కోసం ఎదురుచూస్తాండాం. మరుసటి రోజు పొద్దెక్కినాక, మొదట గోరుతో గీరినట్టు, తర్వాత టిక్కు. మల్ల టిక్కు. పెద్దనాయన ఆమె పాదాల మీద తల పెట్టి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. నాకు నిద్ర పట్టనీయని సప్పుడు కదా అది? నేనూ ఏడ్చినా.

ఆ తర్వాత ఎన్ని వానలొచ్చినా ఆమె ఆకు గరిటెతో కొలుచుకొని తినింది. ఎవరన్నా గిన్నె తెస్తే, "మీ ఆకు తింటా, కానీ నా గరిటెతో" అనేది. ఇంకా ఏండ్లు బతికింది. సందకాడ గ్లాసు సప్పుడు, నా జవాబు.

పోయిన ఎండాకాలం పోయింది. మాత్ర తప్పు కాదు, ఆకు తప్పు కాదు, గుండే అలిసిపోయిందన్నారు. మధ్యాహ్నం పడుకొని లేవలేదు. పెద్దనాయన వచ్చి నా మిషన్ చక్రాన్ని చేత్తో పట్టుకొని ఆపినాడు. తర్వాత వీధిలో ప్రతి ఇంటికీ పోయి టీవీలు ఆపించినాడు, మోటారు ఆపించినాడు, ఏడ్చే ఆడోళ్ళ నోటి మీద వేలు పెట్టినాడు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకొని నిలబడింది. మేకలు కూడా అరవలేదు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఆమె పక్కన కూర్చొని శానాసేపు విన్నాడు. "ఇంగ ఏడవండి" అన్నాడు.

దినాలు అయిపోయినాక ఒక సందకాడ దీపం పెడుతుంటే గోడ మీద గ్లాసు కొట్టిన సప్పుడు వినపడింది. ఒక్కటే. పాపం, పెద్దనాయన ఆమెను తలుచుకొని కొడుతాండాడులే అని సర్దిచెప్పుకొని, నేనూ గరిటెతో ఒక జవాబు కొట్టినా. రోజూ అంతే. ఆయనను అడగలేదు, బాధపడతాడని. ఆయనకు బాగా చీకటి పడినాక నేనే సంగటి పెడతా, వచ్చి తినిపోతాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

మొన్న కర్నూలు నుంచి మాత్రలు తెచ్చుకున్న దినం ఆయన చీకటి పడకముందే వచ్చినాడు, నా కాలు చూసిపోదామని. పీట మీద కూర్చొని టీ తాగుతాండాడు. అట్ట చూపించినా. చేత్తో తడిమి, "అదే" అన్నాడు.

"పెద్దనాయనా, ఇప్పుడు నాకు సాక్షి కావల్ల. నువ్వెట్లాగూ రోజూ కొడుతాండావు కదా, ఇంగ మీద నేను మింగినాక కొడతా, నువ్వు జవాబియ్యి" అన్నా.

ఆయన గ్లాసు కింద పెట్టినాడు. "నేను యాడ కొడుతాండా మే? నువ్వు కదా కొట్టేది? ముందొకటి, మల్లొకటి. రెండూ నువ్వే కొడుతాండావనుకుంటి. మా ఇంటిది ఉన్నట్టే ఉండాదని ఊరుకుంటి."

ఆయన మొల వైపు చూసినా. ఆయన ఇంటి తాళంచెవి ఆయన మొలతాట్లోనే వేలాడుతాంది. లేచి దీపం పెట్టినా. అట్ట చించి మాత్ర అరచేతిలో వేసుకున్నా.

గోడ అవతల, తాళం వేసిన ఇంట్లో, ఇత్తడి గ్లాసు ఒక్కటి కొట్టింది.

పెద్దనాయన కదల్లేదు. తల కొంచెం పక్కకు వంచి విన్నాడు, ఆమె సప్పుడు వినేటప్పుడు వంచినట్టే. తర్వాత నా అరచేతిలో మాత్ర వైపు చూసినాడు.

"బిరీన మింగి జవాబియ్యి మే. లేకుంటే అడిగేదానికి వస్తాది" అన్నాడు.

మింగినా. నీళ్ళు తాగి, గ్లాసుతో గోడ మీద గట్టిగా ఒకటి కొట్టినా.